ఏటీఆర్ 72-600 టైప్ రేటింగ్ శిక్షణ: చేతికి నేర్పిన చదువు

కమర్షియల్ పైలట్ లైసెన్సు వచ్చినంత మాత్రాన విమానయాన సంస్థల విమానాలు నడిపే అర్హత రాదు. నడపబోయేది ఏ రకం విమానమో ఆ రకానికి విడిగా శిక్షణ పొంది, పరీక్ష నెగ్గి, దానిని లైసెన్సులో నమోదు చేయించుకోవాలి. దానినే టైప్ రేటింగ్ అంటారు. రెండు వందల గంటలకు కాస్త పైచిలుకు అనుభవంతో, అందులోనూ చాలా భాగం సెస్నా 172 అనే చిన్న విమానం మీద గడించిన అనుభవంతో, నేను రెండు ప్రొపెల్లర్ ఇంజిన్ల ప్రయాణికుల విమానమైన ఏటీఆర్ 72-600 టైప్ రేటింగ్ కోర్సులో చేరి పూర్తి చేశాను. శిక్షణ మన దేశంలోనే, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం ఉన్న ఒక కేంద్రంలో జరిగింది. నాకు ఎదురైన ఇబ్బందులను కూడా రాస్తున్నాను కనుక ఆ కేంద్రం పేరు చెప్పడం లేదు. అయితే కొత్తగా లైసెన్సు తీసుకుని ఇదే దారిలో డబ్బు కట్టబోతున్న వారు ఏ కేంద్రానికి వెళ్లినా అడిగి తెలుసుకోవలసిన విషయాలు ఇందులో ఉన్నాయి.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. పదిహేను లక్షలు దాటిన ఆ ఫీజుకు నాకు న్యాయం జరిగింది. దానికి కారణం అక్కడి సిమ్యులేటర్, అంటే విమానం నడకను నేల మీదే అనుకరించే యంత్రం, కాదు. నియమాల ప్రకారం ఉండవలసిన సిమ్యులేటర్ ఆమోదం పొందిన ప్రతి కేంద్రంలోనూ ఉంటుంది. సిమ్యులేటర్ ఎక్కించే ముందు, గోడలకు కాక్‌పిట్ బొమ్మలు అంటించిన ఒక చిన్న గదిలో మా చేతులను గంటల తరబడి సాధన చేయించారే, అక్కడ నా డబ్బుకు విలువ దక్కింది. ఆ గది లేని కేంద్రం, ఉన్నా దానికి తాళం వేసి ఉంచే కేంద్రం, ఫీజులో రెండు లక్షలు తగ్గించినా చవక కాదని నా నమ్మకం.

ఏటీఆర్ నాకు చిన్న విమానంగా ఎన్నడూ కనబడలేదు. మాది రాజమండ్రి. మధురపూడి విమానాశ్రయం కంచె అవతల నిలబడి, జెట్ రొదకు భిన్నంగా గుండెల్లో మద్దెల మోగినట్టు వచ్చే ప్రొపెల్లర్ చప్పుడు వింటూ పెరిగాను. హైదరాబాద్ కేంద్రంగా ట్రూజెట్ 2015లో ఏటీఆర్లతోనే మొదలైంది. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం ప్రారంభమైనప్పుడు సిమ్లా నుంచి ఢిల్లీకి ఎగిరినది ఏటీఆరే. అదే రోజు కడప, హైదరాబాద్‌ల మధ్య మొదలైనదీ ఏటీఆరే. ఆ ఏడాది డిసెంబరులో ఇండిగో కూడా ఏటీఆర్లను ప్రవేశపెట్టింది. 2021 మార్చిలో ఓర్వకల్లులో కర్నూలు విమానాశ్రయం తెరుచుకున్నప్పుడు మొదటి సర్వీసులను ఈ విమానంతోనే నడిపారు. పెద్ద జెట్ నింపుకునేంత మంది ప్రయాణికులు లేని ఊళ్లకు విమానం అంటూ వచ్చిందంటే దీనివల్లనే వచ్చింది. అందుకే, ఎయిర్‌బస్ 320 రేటింగ్ చేస్తే భవిష్యత్తు బాగుంటుందని పలువురు చెప్పినా, ఏటీఆర్ నడిపే సంస్థ నుంచి ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు నేను తటపటాయించలేదు.

మొదటి రెండు వారాలు తరగతి గదిలో గడిచాయి. సుమారు 1,100 కిలోల సెస్నా నుంచి దాదాపు 23,000 కిలోల విమానానికి మారడమంటే బరువులో తేడా ఒక్కటే కాదు, ఆలోచించే తీరే మారాలి. ఇంజిన్, ప్రొపెల్లర్, విద్యుత్తు, హైడ్రాలిక్స్, మంచు నివారణ అన్నీ కంప్యూటర్ పాఠాలుగా ఇచ్చారు. ఆ పాఠాలు నాకు సాధారణంగానే అనిపించాయి. బొమ్మలు కదులుతాయి, గొంతు వినిపిస్తుంది, చివర ప్రశ్నలు వస్తాయి, అంతకు మించి ఏమీ లేదు. పాఠానికి ప్రాణం వచ్చింది మాత్రం మా శిక్షకుడు సుద్దముక్క పట్టుకున్నప్పుడే. ఆయన గుంటూరు వైపు వారు, ఏళ్ల తరబడి ఏటీఆర్ నడిపి విరమించిన కెప్టెన్. కాక్‌పిట్ మాటలన్నీ ఇంగ్లీషులోనే పలకాలని పట్టుబట్టేవారు గానీ, అర్థం చేసుకోవలసిన చోట నాకూ, నాతో జతగా శిక్షణ పొందిన అబ్బాయికీ తెలుగులోనే విప్పి చెప్పేవారు.

ఒక ఉదాహరణ చెబుతాను. చిన్న విమానాశ్రయాల్లో ఏటీఆర్ ఎక్కినవారు గమనించే ఉంటారు. విమానం ఆగి ఉంటుంది, ఎడమవైపు వెనుక తలుపు నుంచి జనం ఎక్కుతూ ఉంటారు, కుడివైపు ఇంజిన్ మోగుతూనే ఉంటుంది గానీ దాని ప్రొపెల్లర్ మాత్రం కదలదు. దీనిని హోటల్ మోడ్ అంటారు. జెట్ విమానాల తోకలో ఉండే సహాయక ఇంజిన్ ఏటీఆర్‌లో లేదు కనుక, నేల మీద ఉన్నప్పుడు కుడి ఇంజిన్ ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి, ఆ ఇంజిన్ నుంచే విద్యుత్తును, చల్లదనానికి కావలసిన గాలిని తీసుకుంటారు. ఇంజిన్ తిరుగుతుంటే ప్రొపెల్లర్ ఎలా ఆగి ఉంటుందని నేను అడిగాను. గాలిని నొక్కి, ఇంధనాన్ని మండించే భాగం వేరు, ప్రొపెల్లర్‌ను తిప్పే టర్బైన్ వేరు అనీ, ఆ రెంటినీ కలిపేది ఇరుసు కాదు, వేడి వాయువుల ప్రవాహం మాత్రమేననీ ఆయన ఒకే బొమ్మలో చూపించారు. కంప్యూటర్ పాఠంలో అదే విషయాన్ని మూడు సార్లు చూసినా నాకు పట్టుబడలేదు.

ఫెదర్ అన్న మాటను కూడా ఆయన మా ఊరి భాషలోనే చెప్పారు. "గోదారి పిల్లవి, పడవ ఎక్కావు కదమ్మా? తెడ్డును పలకగా పెడితే నీళ్లు అడ్డుకుంటాయి, అంచుగా తిప్పితే కోసుకుంటూ పోతుంది. ఇంజిన్ ఆగిపోతే ప్రొపెల్లర్ రెక్కలను అలా అంచుకు తిప్పేయాలి. తిప్పకపోతే ఆ ఆరు రెక్కలూ గాలికి ఎదురు నిలబడి విమానాన్ని పక్కకు లాగేస్తాయి." ఈ విమానంలో ప్రతి ఇంజిన్‌కూ రెండు లివర్లు ఉంటాయి. పవర్ లివర్ శక్తిని నియంత్రిస్తుంది; కండిషన్ లివర్ ప్రొపెల్లర్‌ను, ఇంధనాన్ని నియంత్రిస్తుంది. కండిషన్ లివర్‌ను ఆటో స్థానం నుంచి వెనక్కి లాగితే ఫెదర్, ఇంకా వెనక్కి లాగితే ఇంధనం బంద్. ఆ లివర్ల పక్కనే ఫ్లాప్ లివర్ (తక్కువ వేగంలోనూ విమానం నిలిచేలా రెక్కల వెనుక అంచు పలకలను దించేది) ఉంటుంది. జెట్‌లో లేని ప్రమాదం ఈ అమరికలోనే ఉంది.

నేను మొదట చెప్పిన గది పని ఇక్కడ మొదలవుతుంది. అందులో రెండు కుర్చీలు, వాటి ముందు నిలువెత్తు కాక్‌పిట్ పోస్టర్లు, మధ్యలో చెక్కతో చేసిన లివర్ల పెట్టె ఉన్నాయి. కరెంటు లేదు, తెరలు లేవు. పెట్టె మీది రంగు వేళ్ల రాపిడికి కండిషన్ లివర్ల దగ్గర పూర్తిగా పోయి చెక్క బయటపడింది. మొదటి రోజు ఆయన మమ్మల్ని ఆ కుర్చీల్లో కూర్చోబెట్టి రెండు ప్రమాదాల గురించి చెప్పారు. 2015 ఫిబ్రవరి 4న తైపీలో ట్రాన్స్ఏషియా ఏటీఆర్ టేకాఫ్ అయిన కొద్దిసేపటికే రెండో ఇంజిన్ (కుడివైపుది) ప్రొపెల్లర్ దానంతటదే ఫెదర్ అయింది. కెప్టెన్ చక్కగా పనిచేస్తున్న మొదటి ఇంజిన్ (ఎడమవైపుది) శక్తిని తగ్గించి, దానినే ఆపేశారు. విమానం వంతెనను రాసుకుంటూ నదిలో పడింది, 43 మంది చనిపోయారు. 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో యేతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ దిగబోతుండగా, ఫ్లాప్‌లను 30 స్థానానికి దించవలసిన చేయి రెండు కండిషన్ లివర్లనూ ఫెదర్‌లోకి లాగింది. ఇంజిన్లు తిరుగుతూనే ఉన్నాయి, ముందుకు లాగే బలం మాత్రం లేకపోయింది. విమానంలోని 72 మందీ మరణించారు. ఈ రెండు విమానాలనూ నడిపినవారు అనుభవం లేనివారు కాదని ఆయన ప్రత్యేకంగా చెప్పారు.

ఆ తర్వాత ఆయన నా మణికట్టు పట్టుకుని లివర్ మీద పెట్టి, "పెట్టు, లాగకు. ముందు పేరు చెప్పు. అవతలి మనిషి చూసి ఔనన్నాక లాగు," అన్నారు. పేరు చెప్పడం, తాకడం, పక్కవారు కళ్లతో చూసి ధ్రువీకరించడం, అప్పుడు కదల్చడం: ఈ నాలుగు మెట్లనూ ఆ చెక్క పెట్టె మీద మేం ఎన్ని వందల సార్లు చేశామో లెక్క లేదు. రోజుకు మూడు గంటల చొప్పున వారం పాటు అదే పని. నిర్ణీత సమయం ముగిశాక కూడా రాత్రి తొమ్మిది వరకు ఆ గది తెరిచే ఉంచేవారు, తాళం చెవి మా చేతికే ఇచ్చేవారు. ఆ కేంద్రంలో నేను అన్నిటికంటే గౌరవించినది ఈ పద్ధతినే.

సిమ్యులేటర్ మొత్తం పది సెషన్లు. ఒక్కొక్కటి నాలుగు గంటలు. అందులో రెండు గంటలు నడిపే పైలట్‌గా, రెండు గంటలు పక్కన ఉండి గమనించే పైలట్‌గా పని చేయాలి. యంత్రం మంచి స్థితిలో ఉంది. ఆరు కాళ్ల మీద అది కదులుతుంటే కాసేపటికి నేల మీద ఉన్నామన్న సంగతే మరచిపోతాం. చిన్న విమానాల నుంచి వచ్చినవారికి ఇక్కడ తొలి దెబ్బ ఇంజిన్ వైఫల్యం వల్ల కాదు, మామూలు ప్రయాణంలోనే తగులుతుంది. ఏటీఆర్‌లో ఇంజిన్ శక్తిని దానంతటదే సర్దే ఆటోథ్రాటిల్ లేదు; వేగం చూసుకోవలసిన బాధ్యత పూర్తిగా చేతిదే. శక్తి మార్చినా, వేగం మారినా విమానం ముక్కు పక్కకు జరుగుతుంది, తోక మీది నిలువు పలకను (రడ్డర్) కొద్దిగా తిప్పి ఉంచే రడ్డర్ ట్రిమ్‌ను సరిచేయాలి. మొదటి రెండు సెషన్లలో నా శ్రద్ధలో సగం ఆ ట్రిమ్‌కే పోయింది. ఈ శ్రమ వల్ల వేగాన్ని చూసే అలవాటు ఒంటికి పడుతుంది కనుక, తొలి ఉద్యోగానికి ఇలాంటి విమానం దొరకడం అదృష్టమని నేను మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను.

మూడో సెషన్‌లో టేకాఫ్ సమయంలో ఇంజిన్ ఆగిపోవడం మొదలైంది. వీ1 వేగం దాటాక ఒక ఇంజిన్ పోతే ఆగే అవకాశం లేదు, ఎగరవలసిందే. ముక్కు ఆగిన ఇంజిన్ వైపు తిరుగుతుంది, అవతలి వైపు పాదంతో రడ్డర్ నొక్కి తిన్నగా నిలపాలి. ఆ క్షణంలో విమానం కొంత పని తానే చేస్తుంది: ఆగిన ఇంజిన్ ప్రొపెల్లర్‌ను ఫెదర్ చేసి, బాగున్న ఇంజిన్ శక్తిని 2,475 హార్స్‌పవర్ నుంచి 2,750కి పెంచుతుంది. ఆ రెండూ జరిగాయో లేదో చూసి "అప్‌ట్రిమ్, ఆటోఫెదర్" అని పలకడం గమనించే పైలట్ పని. తగిన ఎత్తుకు చేరాకే లివర్ల మీద చేయి వేయాలి.

ఆ రోజు నా జతగాడు, వరంగల్ అబ్బాయి, నడుపుతున్నాడు. మొదటి ఇంజిన్ ఆగింది. పలకవలసినవన్నీ పలికాను. ఎత్తుకు చేరాక "పవర్ లివర్ వన్, కన్ఫర్మ్?" అన్నాను. అతను ముందుకే చూస్తూ "కన్ఫర్మ్‌డ్" అన్నాడు. అంతలో సిమ్యులేటర్ కదలకుండా నిలిచిపోయింది. శిక్షకుడు వెనుక నుంచి ఆపేశారు. ఇంజిన్ల శబ్దం ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో ఆయన, "అమ్మా, నీ నోరు ఒకటి అంది. నీ చెయ్యి ఎక్కడుంది?" అని అడిగారు. నా చేయి రెండో పవర్ లివర్ మీద ఉంది. తర్వాత జతగాడి వైపు తిరిగి, "బాబూ, నువ్వు విని ఔనన్నావా, చూసి ఔనన్నావా?" అన్నారు. అతను మాట్లాడలేదు. ఇద్దరిలో ఏ ఒక్కరైనా ఆ పనిని సరిగ్గా చేసి ఉంటే తప్పు అక్కడే ఆగేది. తైపీ ప్రమాదం గురించి విన్నప్పుడు అంత పెద్ద తప్పు ఎలా చేస్తారని నేను లోలోపల అనుకున్నాను. అదే తప్పు నా వేళ్లకు రెండు సెకన్లలో వచ్చింది.

ఆయన ఆ అభ్యాసాన్ని వెంటనే మళ్లీ చేయించలేదు. సెషన్ ముగిశాక, తెల్లవారుజామున ఐదు గంటలకు, మమ్మల్ని మళ్లీ ఆ పోస్టర్ల గదికి తీసుకెళ్లి గంటసేపు చెక్క పెట్టె మీద అదే పని చేయించారు. ఆ గంటకు ఆయనకు జీతం ఉండదు, మా బిల్లులోనూ అది కనబడలేదు. సిమ్యులేటర్ మనకు తప్పును చూపిస్తుందే గానీ, ఆ తప్పును చేతి నుంచి తీసేసేది ఆ గదేనని నాకు ఆ ఉదయం అర్థమైంది. తర్వాతి ఏడు సెషన్లలో మా ఇద్దరికీ లివర్ తప్పలేదు.

మంచు గడ్డకట్టే వాతావరణం మీద ఒకటిన్నర సెషన్లు కేటాయించారు. దక్షిణ భారతంలో ఎగిరేవారికి ఇది అవసరమా అని కొందరు అడుగుతారు. అవసరమే. ఈ విమానం 25,000 అడుగుల లోపు ఎగురుతుంది కనుక, జెట్ దాటి వెళ్లిపోయే మేఘాల్లోనే దీని ప్రయాణం సాగుతుంది. వర్షాకాలపు మేఘంలో అంత ఎత్తున ఉష్ణోగ్రత సున్నా కంటే కిందే ఉంటుంది. 1994 అక్టోబరు 31న అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర 68 మందిని బలిగొన్న ప్రమాదం, 2024 ఆగస్టు 9న బ్రెజిల్‌లోని విన్యేదోలో 62 మంది చనిపోయిన ప్రమాదం, రెండింటిలోనూ విమానం ఏటీఆరే, మంచు పేరుకునే వాతావరణమే. పక్క అద్దంలో వేడి చేయని భాగం మీద మంచు పరుచుకుంటే అది తీవ్రమైన మంచుకు గుర్తు అని, అప్పుడు వేగం పెంచుకుని అక్కడి నుంచి బయటపడాలని నేర్పారు. ఈ భాగాన్ని ఇంకొక సెషన్ పొడిగించి ఉంటే బాగుండేదని నా ఫిర్యాదు. స్టాల్ (రెక్కలు విమానాన్ని నిలపలేని స్థితి) దగ్గరికి చేరిన విమానం ఎలా వణుకుతుందో ఒక్కసారి చూడడం చాలదు.

ఇక ఇబ్బందుల సంగతి. పది సెషన్లలో నాలుగు రాత్రి ఒంటిగంట నుంచి ఐదు వరకు పడ్డాయి. పగటి సమయాలు విమానయాన సంస్థలు ముందే తీసేసుకుంటాయట. రాత్రి విధులకు అలవాటు పడాలి గనుక అదీ శిక్షణే అని సర్దిచెప్పారు గానీ, కొత్తగా నేర్చుకునే బుర్రకు ఆ సమయం పనికిరాదని నా అనుభవం. పైన చెప్పిన పొరపాటు అలాంటి రాత్రే జరిగింది. ఒకసారి దృశ్యాలు చూపించే ప్రొజెక్టర్ చెడిపోయి నలభై నిమిషాలు పోయాయి, ఆ సమయాన్ని మరుసటి రోజు లెక్కగా తిరిగి ఇచ్చారు. వసతి, భోజనం చెప్పుకోదగ్గ కొరత లేకుండా గడిచాయి.

నన్ను నిజంగా బాధపెట్టినది వేరే విషయం. నా జతగాడికి జ్వరం వచ్చి రెండు సెషన్లకు రాలేకపోయాడు. ఏటీఆర్ ఇద్దరు నడిపే విమానం కనుక ఖాళీ సీటులో ఎవరో ఒకరు కూర్చోవాలి. దీనిని సీట్ సపోర్ట్ అంటారు. కేంద్రం ఒక పైలట్‌ను పిలిపించింది, మంచిదే. కానీ ఆయన రుసుమును నా బిల్లులో కలిపారు. అడిగితే, ఒప్పందంలో అదనపు వనరుల ఖర్చు శిక్షణార్థిదే అన్న వాక్యాన్ని చూపించారు. ఆ వాక్యంలో సీట్ సపోర్ట్ అన్న మాట గానీ, ఎంత అన్న అంకె గానీ లేవు. జబ్బుపడినది నేను కాదు, జతను కుదిర్చినదీ నేను కాదు. మూడు ఉత్తరాలు రాశాక సగం తగ్గించారు. మిగిలిన సగం కట్టాను. అప్పు చేసి చదువుకునే పిల్లల దగ్గర ఇలా చేయడం న్యాయం కాదని వారి ముఖం మీదే చెప్పాను. డబ్బు కట్టబోయేవారు జతగాడు రాకపోతే ఏమవుతుంది, ఒక సెషన్ తప్పితే మళ్లీ చేయడానికి ఎంత, పరీక్షలో ఒక అంశం పోతే ఎంత అన్నవి అంకెలతో సహా రాయించుకోవాలి.

రేటింగ్ చివరి పరీక్ష అయిన స్కిల్ టెస్ట్ ఇద్దరమూ ఒకే విడతలో నెగ్గాము. అక్కడితో పని పూర్తి కాదు. నిజమైన విమానంతో టేకాఫ్‌లు, ల్యాండింగులు చేయవలసి ఉంటుంది; ఆ విమానం శిక్షణ కేంద్రం దగ్గర ఉండదు, విమానయాన సంస్థ దగ్గర ఉంటుంది. నాకు ఆఫర్ లెటర్ ముందే ఉంది కనుక మా సంస్థ ఖాళీ విమానంతో సర్క్యూట్లు (విమానాశ్రయం చుట్టూ తిరిగి మళ్లీ దిగడం) చేయించింది. ప్రయాణికులు లేని ఏటీఆర్ ఎంత తేలికగా లేస్తుందో సిమ్యులేటర్‌లో తెలియలేదు. నా జతగాడు మాత్రం ఏ సంస్థ హామీ లేకుండా, రేటింగ్ చేస్తే ఉద్యోగం ఖాయమన్న ఒక మధ్యవర్తి మాట నమ్మి, వాళ్ల నాన్న పొలం తాకట్టు పెట్టి వచ్చాడు. నాతో సమానంగా నేర్చుకున్నాడు, కొన్ని విషయాల్లో నాకంటే బాగా నడిపాడు. అయినా ఎనిమిది నెలలు ఎదురుచూశాడు. ఆ మధ్యలో చేతి అలవాటు పోకుండా సొంత ఖర్చుతో మళ్లీ సిమ్యులేటర్ గంటలు కొన్నాడు. మన దేశంలో ఏటీఆర్ నడిపే సంస్థలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి: ఇండిగో, అలయన్స్ ఎయిర్, 2024 మార్చిలో మొదలైన ఫ్లై91 ముఖ్యమైనవి. ఎయిర్‌బస్ రేటింగ్ కంటే దీనికి తలుపులు తక్కువ. అందువల్ల ఆఫర్ లెటర్ లేకుండా ఏటీఆర్ రేటింగ్‌కు డబ్బు కట్టవద్దని, ఈ విమానాన్ని ఇంతగా ఇష్టపడే నేనే గట్టిగా చెబుతున్నాను.

ఆరు నెలల తర్వాత నైపుణ్యాన్ని మళ్లీ పరీక్షించే ప్రొఫిషియెన్సీ చెక్ కోసం అదే కేంద్రానికి వెళ్లాను. కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు పోస్టర్ల గదిలో ఉన్నారు. తలుపు తెరిచే ఉంది, ఒక అమ్మాయి కండిషన్ లివర్ మీద చేయి పెట్టి, లాగకుండా, పక్క కుర్చీ వైపు చూస్తూ ఆగి ఉంది. కార్యాలయంలో కొత్త ఒప్పందం ప్రతి అడిగి తీసుకున్నాను. సీట్ సపోర్ట్ రుసుము ఇప్పుడు గంటకు ఎంతో అంకె వేసి విడిగా రాశారు. జతగాడు అనారోగ్యంతో రాకపోతే ఆ ఖర్చు కేంద్రానిదేనని దాని కింద ఇంకొక వరుస ఉంది.